చెకింగ్ మావయ్య, ఉచిత సాఫ్ట్‌వేరు, ఒక ఎలుగుబంటి

మా మావయ్య సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. సాయంత్రం ఇంటికి రాగానే యూనిఫారం విప్పేస్తాడు గానీ ఉద్యోగం విప్పడు. పాలప్యాకెట్టు ఆయన చేతిలో ఒకసారి బోర్లా పడి తేదీ చూపించుకుంటే గానీ వంటింట్లోకి పోదు. మాత్రల అట్ట, గ్యాసుబండ సీలు, నేను తెచ్చిన బిస్కెట్ల మీద అచ్చు, ఏదీ ఆయన్ని దాటి పోలేదు. "ఏదీ, చూపించు, చూపించు" అంటాడు. ఒకసారి అంటే సరిపోదని ఆయన నమ్మకం. చిన్నప్పుడు నేను వాళ్లింటికి వెళ్తే గుమ్మంలోనే ఆపి, "మీ అమ్మకి చెప్పే వచ్చావా? సంచీలో ఏముంది? చూపించు, చూపించు" అనేవాడు. "మేనకోడలిక్కూడా చెకింగేనా?" అని అత్తయ్య లోపల్నుంచి కేకేస్తేనే దారి దొరికేది.

ఉచితం అన్న మాట వింటే ఆయనకి ఒళ్లు మండుతుంది. ఒకసారి బజార్లో ఒకమ్మాయి కొత్తరకం టీ రుచి చూడమని అందరికీ చిన్న కప్పుల్లో పోసిస్తోంది. మావయ్య కప్పు పుచ్చుకోకుండా, "ఊరికే ఎందుకిస్తున్నావ్? ఇస్తున్నట్టు మీ పైవాళ్లకి తెలుసా?" అని నిలదీశాడు. పాపం ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని మేనేజర్ని పిలుచుకొచ్చింది. ఆ గొడవ తేలేలోపు అత్తయ్య రెండు కప్పులు తాగేసి, "బాగుందమ్మా, కాస్త చక్కెర తగ్గించు" అని సలహా కూడా ఇచ్చేసింది.

ఆ అత్తయ్య గొంతుకి జబ్బు చేసింది. కథంతా దాని గురించే.

తల్లిదండ్రులు పనులకి పోతే పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం ఒకటుంది మా వీధి చివర. అత్తయ్య అక్కడ ఆయా. అన్నం తిన్నాక పిల్లల్ని పడుకోబెట్టే గది ఆవిడది. చాపలు పరవడం, తడిపిన బట్టలు మార్చడం, కిటికీ తెరలు వేయడం ఇవీ ఉద్యోగం. కథలు చెప్పడం ఉద్యోగంలో లేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం పెంచలేదు. ఆవిడకి సరదా పుట్టింది, చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ కథ వింటే గానీ ఆ గదిలో ఒక్క కన్ను మూతపడదు.

ఆ మధ్య గొంతు జీరపోయి, ఎన్నాళ్లకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించారు. స్వరపేటిక మీద చిన్న బుడిపె. ప్రమాదమేం లేదు, తీసేస్తే పోతుంది, కానీ తీశాక కొన్ని వారాలపాటు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస అసలే పనికిరాదు అన్నాడు డాక్టరు. తర్వాత గొంతు కాస్త మారినా మారొచ్చని కూడా అన్నాడు. అత్తయ్య ఆపరేషన్ గురించి భయపడలేదు. పిల్లలు ఎలా పడుకుంటారన్నదే ఆవిడ బెంగ. అందుకే ముందు వారమంతా వంటగదిలో తలుపేసుకుని కథలన్నీ ఫోన్లో రికార్డు చేసుకుంది. మావయ్య తలుపు కొడితే "ఇక్కడ పనుంది, తర్వాత రండి" అనేది. అలా ఆయన్ని గుమ్మంలో ఆపిన మనిషి ఆవిడొక్కతే.

ఆపరేషన్ చక్కగా అయింది. ఇంటికొచ్చి పలక పట్టుకుని కూర్చుంది. కానీ కేంద్రంలో పిల్లలు పడుకోవడం మానేశారు. మధ్యాహ్నమంతా ఏడుపులు, కొట్టుకోవడాలు, సాయంత్రానికి తల్లులొచ్చేసరికి అందరూ తూలుతూ ఉండటం. పెద్దావిడ, అంటే కేంద్రం నడిపే మేడం, శనివారం మావయ్యకి ఫోన్ చేసింది. పాపం మంచిదే, కానీ తల్లులు పెడుతున్న చీవాట్లు ఆవిడకున్నాయి.

"సోమవారం కూడా ఇలాగే ఉంటే ఆ గదికి ఇంకొకరిని పెట్టుకోక తప్పదండీ. ఆవిడ తిరిగొచ్చాక వేరే ఏదైనా పని చూద్దాం" అంది.

మావయ్య ఆ సంగతి చెప్పాక అత్తయ్య పలక మీద రాసింది: "ఇంకో గొంతుకి అలవాటు పడితే నన్ను మర్చిపోతారు." మావయ్య చదివి, "పిల్లలు మర్చిపోవడం ఏంటి, నీ మొహం" అన్నాడు గానీ, మొహం మాత్రం ఆయనదే పాలిపోయింది.

కథలు ఫోన్లో ఉన్నాయి కదా, వినిపిస్తే పోలేదా అంటారు. నేనూ అదే అన్నాను. పిల్లలు పడుకునే గదిలోకి ఫోన్లు తీసుకెళ్లకూడదని మేడం కట్టడి. ఆ గదిలో ఉన్నది ఎవరో ఇచ్చిన పాత స్పీకర్ డబ్బా. పెన్‌డ్రైవ్ గుచ్చితే పాడుతుంది. కథలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి పట్టుకెళ్లి గుచ్చితే డబ్బా ఎర్రలైటు వెలిగించి ఊరుకుంది. దానికి ఎంపీత్రీ తప్ప ఇంకేదీ ఎక్కదు. అత్తయ్య ఫోనేమో ఇంకో రకంగా రికార్డు చేసింది. ఆ రకాన్ని ఈ రకంలోకి మార్చే సాఫ్ట్‌వేరు కావాలి.

అందుకని ఆదివారం పొద్దున్నే నా లాప్‌టాప్ పట్టుకుని వాళ్లింట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. పక్కన కుర్చీలో మావయ్య, ఎదురుగా పలకతో అత్తయ్య. నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను, కంప్యూటరు గురించి నాకు తెలిసింది అంతంతమాత్రం. కానీ మా ఇంట్లో ఆ అంతంతమాత్రానికే పెద్దపీట.

మొదట తెలివి చూపించబోయాను. ఫైలు పేరు చివరనున్న అక్షరాలు చెరిపి ఎంపీత్రీ అని రాసేశాను. మావయ్య నవ్వాడు.

"కండక్టరు చొక్కా వేసుకున్నవాడల్లా కండక్టరవుతాడా?" అన్నాడు.

"నోరు మూసుకుని చూడు మావయ్యా" అన్నాను. అత్తయ్య పలక మీద "ఆయన వల్ల కాదు" అని రాసింది. మేడం దగ్గర తాళం అడిగి తీసుకుని, సైకిలు మీద కేంద్రానికి పోయి గుచ్చి చూసొచ్చాడాయన. ఎర్రలైటే.

తర్వాత ఒక సైటు దొరికింది. ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు, ఫైలు అక్కడికి పంపితే వాళ్లే మార్చి తిరిగిస్తారట, ఉచితంగా. నేను పంపబోతుంటే మావయ్య నా చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఎక్కడికి పోతుందది?"

"వాళ్ల కంప్యూటర్లోకి."

"వాళ్లంటే ఎవరు? ఇల్లెక్కడ? మార్చాక మనది చెరిపేస్తారా, దాచుకుంటారా? మీ అత్తయ్య గొంతుని ముక్కూమొహం తెలియనివాడింటికి పంపిస్తావా?"

చెరిపేస్తామని అక్కడ రాసుంది. రాసినంత మాత్రాన చెరుపుతారా అన్నాడు. ఆయన మాటల్లో న్యాయం ఉండటం నాకు భలే చిరాకు. ఆ సైటు మూసేశాను.

మూడోది బాగానే మార్చింది. తీరా వింటే ప్రతి కథా సగంలో ఠక్కున ఆగిపోతోంది. పూర్తిగా కావాలంటే కొనుక్కోవాలట. "చూశావా! ఎక్కించుకుని సగం దూరంలో దింపేసే రకం" అని మావయ్య సంబరపడ్డాడు. తను ఓడిపోతున్నా అవతలివాడి దొంగతనం దొరికితే చాలు ఆయనకి, ప్రాణం లేచొస్తుంది.

నేను మంచినీళ్లకి లేచి వెళ్లాను. అదే నేను చేసిన పొరపాటు. తిరిగొచ్చేసరికి మావయ్య వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఉన్నాడు, పెద్ద కేసు పట్టినవాడిలా.

"దొరికిందే అమ్మాయ్. ముద్రుంది దీనికి."

ఎవరి మాటా నమ్మని మావయ్య ముద్రని నమ్ముతాడు. గుండ్రటి స్టాంపు ఉంటే ఇక తిరుగులేదు. ఆ సైట్లో బంగారు రంగు ముద్ర, చుట్టూ నక్షత్రాలు, మధ్యలో "నూటికి నూరుపాళ్లు సురక్షితం". కింద మంచమంత ఆకుపచ్చ బటన్. ఆయన అప్పటికే నొక్కేశాడు. అడిగినవాటికల్లా సరేనన్నాడు కూడా.

"మావయ్యా, ఆ ముద్ర ఎవరేశారు?"

"అంటే?"

"వాళ్ల ముద్ర వాళ్లే వేసుకున్నారు. బొమ్మ గీసుకున్నారంతే!"

ఆయన నోరు తెరిచేలోపే లాప్‌టాప్ మొదలుపెట్టింది. కిటికీల మీద కిటికీలు. బట్టతలకి నూనెలు, లాటరీలు. వాటన్నిటి మీదా ఒక డాక్టరు బొమ్మ వచ్చి, మీ కంప్యూటరుకి ప్రాణాంతకమైన జబ్బులున్నాయి, వెంటనే వైద్యం కొనండి అని ఎర్రక్షరాల్లో అరిచింది. నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో పేరు. ఆ పేరు ఆ పూట నిలబెట్టాను. "బస్సులో ఆడపిల్లల సంచీలు వెతకడం కాదు, బుద్ధుండాలి" లాంటి మాటలేవో అనేశాను. మావయ్య జీవితంలో మొదటిసారి దొంగ టికెట్టుకి మోసపోయినవాడిలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అత్తయ్య పలక ఎత్తింది. "పాపం, తిట్టకు." దాని కింద చిన్నగా, "నూనె ఎక్కడ దొరుకుతుందో చూడు, ఈయనకి పనికొస్తుంది."

నవ్వొచ్చి కోపం సగం పోయింది. ఆ చెత్తంతా ఒక్కొక్కటే ఏరి తీసేసి, వైరస్ చూసే ప్రోగ్రాముతో లాప్‌టాపంతా దులిపించేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

ఆ తర్వాత బుద్ధిగా వెతికాను. సైట్లు తమ గురించి తాము చెప్పుకునేది వదిలేసి, వాడినవాళ్లు ఏమంటున్నారో చదివాను. ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపించింది. దాన్ని తయారుచేసినవాళ్ల సొంత సైటే వెతికి పట్టుకుని తెరిచాను. పాత ఆఫీసు గోడలా వెలిసిపోయిన పేజీ. ముద్ర లేదు, నక్షత్రాలు లేవు. ఓ మూల చిన్నగా డౌన్‌లోడ్ అని ఉంది.

"ఇదేంటి, ఇంత నీరసంగా ఉంది?" అన్నాడు మావయ్య, ఇప్పుడు కాస్త దూరంగా కూర్చుని.

"ఇది కొంతమంది కలిసి ఊరికే రాశారట మావయ్యా. లోపల ఏం రాశారో మొత్తం బయటపెట్టేశారు. తెలిసినవాళ్లు ఎవరైనా చదివి చూసుకోవచ్చు."

"సంచీ తెరిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారన్నమాట."

"అంతే."

"మరి వాళ్లకి జీతం ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరు."

"మరెందుకు రాశారు?"

"సరదా అనుకుంటా. అత్తయ్య కథలు చెప్పట్లేదూ, అలాగ" అన్నాను.

మావయ్య అత్తయ్య వైపు చూశాడు. "సరే, ఎక్కించు" అన్నాడు.

దించుకున్నాక దాన్నీ వైరస్ ప్రోగ్రాముతో చూపించి, అప్పుడు ఎక్కించాను. ఏమీ అడగలేదు, ఏమీ అమ్మలేదు. కథలన్నీ వరసగా పెట్టి నొక్కితే, చిక్కుడుకాయలకి ఈనె తీసినంత సులువుగా మార్చి పక్కన పెట్టేసింది. నేను హమ్మయ్య అనుకుని పెన్‌డ్రైవ్ తీసుకోబోతుంటే, మావయ్య కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఆగు. చెక్ చేయకుండా ఎలా పంపుతాం? సగంలో ఆగిపోతే? ఏదీ, వినిపించు, వినిపించు."

అత్తయ్య గభాలున లేచింది. పలక మీద "వద్దు" అని రాసి చూపించింది. ఆయన చూడలేదు. "బాగానే ఉంటాయి, వినకండి" అని రాసి ఆయన కళ్లకి అడ్డం పెట్టింది. ఆయన పలకని పక్కకి జరిపి, "నీకు తెలీదులే, ఊరుకో" అన్నాడు. నోరున్న రోజుల్లో అయితే ఒక్క కేకతో ఆపేసేది. ఇప్పుడు నావైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. అంత బతిమాలుడు ఎందుకో నాకు అర్థం కాలేదు. అప్పటికే మావయ్య నొక్కేశాడు.

అత్తయ్య పాత గొంతు, కాస్త జీరతోనే అయినా, గదిలో వినిపించింది. ఎన్నాళ్లయిందో విని. నాకు తెలియకుండానే కళ్లు చెమర్చాయి.

"అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఎలుగుబంటి. దానికి పేద్ద బొజ్జ, భుజాన ఒక సంచీ. కొమ్మ మీద పిట్ట వాలితే చాలు, పరిగెత్తుకొచ్చేది. టికెట్ ఏదీ? చూపించు, చూపించు!"

నా కళ్లలో నీళ్లు ఎక్కడివక్కడ ఇంకిపోయాయి. మావయ్య కదల్లేదు. కథలో ఎలుగుబంటి నత్తని పట్టుకుంది. నా ఇల్లు నేనే మోసుకుని నడిచిపోతున్నాను, నాకెందుకు టికెట్ అంది నత్త. అయితే లగేజీ టికెట్ తియ్యి అంది ఎలుగుబంటి. ఇంకో కథలో వానచినుకుల్ని వరసలో నిలబెట్టింది. ఇంకో కథలో చందమామ రోజూ ఇదే దారిలో వెళ్తున్నాడు, పాసుందా అని ఆరా తీసింది. నేను చున్నీ నోట్లో కుక్కుకుని బల్ల కిందకి వంగిపోయాను. అత్తయ్య పలక వెనక మొహం దాచేసుకుంది. పలక పైన ఎర్రబడ్డ నుదురొక్కటే కనిపిస్తోంది.

ప్రతి కథా ఒకేలా ముగుస్తోంది. పొద్దుగూకే వేళ ఎలుగుబంటి కాళ్లీడ్చుకుంటూ ఇంటికెళ్తుంది. గుమ్మంలో ఉడతమ్మ ఉంటుంది. "వచ్చావా, కాళ్లు కడుక్కో" అంటుంది. "అడవి మొత్తంలో ఆ ఒక్క గుమ్మంలోనే ఎలుగుబంటిని ఎవ్వరూ ఏమీ అడగలేదు" అని అత్తయ్య గొంతు మెల్లగా చెప్పి ఆగిపోతుంది.

మావయ్య అన్ని కథలూ విన్నాడు. ఒక్కటీ వదల్లేదు. చివరిది అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"ఒక తప్పుంది."

పలక కాస్త కిందికి దిగింది.

"టికెట్టు నడిమధ్యకి చింపుతోంది ఎలుగుబంటి. అలా చింపితే నంబరు పోదూ? మూల చింపాలి, మూల. ఇన్నేళ్లుగా చూస్తున్నావు, ఆమాత్రం తెలీదా?" ఆగి, మళ్లీ అన్నాడు. "గొంతు కూడా కుదర్లేదు. అంత బొజ్జున్నది అంత సన్నగా అరుస్తుందా ఎక్కడైనా?"

అని లేచి, ఆవిడకి గోరువెచ్చటి పాలు తెస్తానని వంటింట్లోకి పోయాడు. తేదీ చూడకుండానే ప్యాకెట్టు కత్తిరించాడు. నేను చూశాను.

సోమవారం మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో యూనిఫారంలోనే కేంద్రానికొచ్చాడు మావయ్య. మా షాపు పక్క సందులోనే కాబట్టి నేనూ వెళ్లాను. చాపల మీద పిల్లలు, గోడ దగ్గర చేతులు కట్టుకుని మేడం. పెన్‌డ్రైవ్ గుచ్చితే ఈసారి పచ్చలైటు వెలిగింది. అత్తయ్య గొంతు మొదలైంది. గది సద్దుమణిగింది. ఒక బుడ్డోడైతే డబ్బా వెనక్కి వెళ్లి ఆవిడుందేమోనని చూసొచ్చాడు. గెలిచేశాం అనుకున్నాను.

కథ అయిపోయింది. ఒక్కరూ పడుకోలేదు. అందరూ లేచి కూర్చుని, పిడికిళ్లు బిగించి ఎదురుచూస్తున్నారు. ఎందుకో మాకెవరికీ తెలీదు. ఇంకో కథ పెట్టాం. అదీ అయింది, మళ్లీ అదే. మూలన ఒకరు రాగం అందుకున్నారు. మేడం నిట్టూర్చింది.

"చూశారుగా. మీరు ఇంత కష్టపడ్డారు, ఏం లాభం?"

మావయ్య డబ్బా వైపు, తన చేతుల వైపు చూసుకున్నాడు. అప్పుడు ఇందాకటి బుడ్డోడు ఆయన బొజ్జ, భుజాన సంచీ, టోపీ ఎగాదిగా చూశాడు.

"ఎలుగుబంటి వచ్చింది!" అని అరిచి, పిడికిలి విప్పి చాచాడు. చేతిలో నలిగిన ఆకు. "చెక్ చెయ్యి."

గదిలో పిడికిళ్లన్నీ విచ్చుకున్నాయి. ఆకులు, బొత్తాలు, బిస్కెట్ల రేపరు ముక్కలు, ఒకరి చేతిలో మేజోడు. కథ అయ్యాక అత్తయ్య ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి వాళ్ల టికెట్టు చూసి, సరే ఇక పడుకో అంటేనే వీళ్లు పడుకుంటారన్నమాట. టికెట్టు చెకింగ్ కాకుండా నిద్ర బండి కదలదు.

మావయ్యకి ఇంక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. టోపీ సర్దుకుని, మోకాళ్ల మీద వంగి, "ఏదీ, చూపించు, చూపించు" అన్నాడు. ఆకు తీసుకున్నాడు, వెలుతురుకి పెట్టి చూశాడు, మూల రవ్వంత చింపి తిరిగిచ్చాడు. బుడ్డోడు అలాగే వెనక్కి పడి కళ్లు మూసుకున్నాడు. తర్వాతివాళ్లు, ఆ తర్వాతివాళ్లు. మేజోడుని అటూ ఇటూ తిప్పి, "లగేజీనా ఇది? సరే, పో" అన్నాడు. చివర గోడవారన ఒక పాప. చేతులు వెనక దాచుకుంది. కింది పెదవి వణుకుతోంది.

"టికెట్ లేదు" అంది.

ఇన్నేళ్ల సర్వీసులో టికెట్ లేనివాళ్లని మావయ్య ఒక్కర్ని కూడా వదిలిన పాపాన పోలేదు. కన్నకొడుకైనా దించేస్తాననే మనిషి. ఆ పాప అరచెయ్యి తెరిచి, ఖాళీ చేతిని శ్రద్ధగా చూశాడు.

"లేకపోవడం ఏంటమ్మా. నీది పాసు" అన్నాడు.

కాసేపటికి గదిలో ఊపిరి చప్పుళ్లు తప్ప ఏమీ లేవు. మేడం మెల్లగా చేతులు విప్పి, "ఆవిడ వచ్చేదాకా మీరు రాగలరా?" అని అడిగింది. ఆయన తలూపాడు.

ఇంటికెళ్లి చెప్తే అత్తయ్య నవ్వలేక నవ్వింది, నవ్వినా గొంతుకి దెబ్బేనట. "ఈ చెకింగ్ సంగతి ముందే చెప్పొచ్చుగా!" అని నేను కోప్పడ్డాను. "అది రికార్డవదు కదా" అని రాసింది. మర్నాటి నుంచి మావయ్య భోజనం గంట అక్కడే గడిచింది.

డాక్టరు మాట్లాడొచ్చన్న రోజు ముగ్గురం అదే బల్ల దగ్గర కూర్చున్నాం. అత్తయ్య పలక పక్కన పెట్టి, నీళ్లు తాగి, నోరు తెరిచింది.

"వచ్చిందా?" అంది.

బొంగురు. గులకరాళ్ల డబ్బా ఊపినట్టుంది. ఆవిడే ఉలిక్కిపడి గొంతు మీద చెయ్యేసుకుంది. నేను తల దించుకున్నాను. అంత తియ్యటి గొంతు పోయింది, ఇక రాదు. నాకు ఏడుపొచ్చింది.

"ఈ గొంతు వింటే పిల్లలు దడుచుకుంటారండీ" అంది అత్తయ్య, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే. "నేను వెళ్లను."

మావయ్య కళ్లు మూసుకుని, చెవి ఆవిడ వైపు పెట్టాడు.

"ఏదీ, ఇంకోసారి."

"ఏమనమంటారు?"

"ఎలుగుబంటి ఏమంటుందో అదను."

ఆవిడ తడబడుతూ అంది. మావయ్య కళ్లు తెరిచాడు. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"ఇదీ ఎలుగుబంటి గొంతంటే! ఇన్నాళ్లూ సన్నగా అరిచి నా పరువు తీశావు."

అత్తయ్య ఆయన్ని తేరిపార చూసింది. వెక్కు ఒకటి, నవ్వు ఒకటి కలిసి వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంది. మావయ్య డ్యూటీకి టైమైందని టోపీ పెట్టుకుని బయల్దేరబోతే, ఆవిడ వెళ్లి గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడింది.

"టికెట్ ఏదీ? చూపించండి, చూపించండి" అంది, ఆ కొత్త గొంతుతో, ఇల్లంతా మోగేలా.

మావయ్య నిజంగానే జేబులు తడుముకున్నాడు.